మధుబాల జీవితం – గుండె చెప్పే పాఠం

ఉపోద్ఘాతం

మీ ఊరిలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోతే చుట్టుపక్కలవాళ్ళు ఏమంటారు? గుండెపోటు వచ్చి పోయాడట అంటారు. ఆ మాటతో సంగతి ముగిసిపోతుంది. అసలు కారణం ఏమిటని ఎవరూ అడగరు. అడగకపోతే ఆ ఇంట్లో మిగిలిన పిల్లలకు కూడా అదే ప్రమాదం పొంచి ఉందేమో తెలియదు.

గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం అందించే ధమని మూసుకుపోవడం. ఇది ఎక్కువగా నడివయసు దాటినవారికి వస్తుంది. కాని ధమనులు శుభ్రంగా ఉన్నా గుండె దెబ్బతినవచ్చు, ఆగిపోవచ్చు. దానికి వేరే కారణాలున్నాయి. వాటిలో ఒకదానితో పోరాడి 36 ఏళ్ళ వయసులో కన్నుమూసిన ఒక ప్రసిద్ధ నటి జీవితాన్ని ఈ పాఠంలో చదువుతారు. ఆమె పేరు మధుబాల.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మధుబాల జీవితంలోని ముఖ్య సంఘటనలను వరుసగా చెప్పగలుగుతారు.
• గుండెలో రంధ్రం ఉంటే శరీరంలో ఏం జరుగుతుందో వివరించగలుగుతారు.
• గుండె హఠాత్తుగా ఆగిపోవడానికి ధమనులు మూసుకుపోవడం కాక ఇతర కారణాలు పేర్కొనగలుగుతారు.
• ఇంట్లో, బడిలో, పని చేసేచోట గమనించవలసిన లక్షణాలను గుర్తించగలుగుతారు.

1. ఢిల్లీ నుంచి బొంబాయికి

మధుబాల 1933 ఫిబ్రవరి 14న ఢిల్లీలో జన్మించింది. ఆమె అసలు పేరు ముంతాజ్ జహాన్ బేగం. తండ్రి అతావుల్లా ఖాన్ పెషావర్ ప్రాంతానికి చెందిన పఠాన్. పెషావర్ ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఆయన ఒక పొగాకు కంపెనీలో పని చేసేవాడు. తరువాత ఆ ఉద్యోగం పోయింది. తల్లి పేరు ఆయేషా బేగం. ఆ దంపతులకు పుట్టిన పదకొండు మంది పిల్లల్లో ముంతాజ్ ఐదవది. వారిలో కొందరు పసితనంలోనే చనిపోయారు.

ముంతాజ్ బడికి వెళ్ళలేదు. ఉర్దూ, హిందీ, పష్తో భాషలు ఇంటి దగ్గరే నేర్చుకుంది. పెద్ద నటి అయిన తరువాత, తీరిక దొరికిన వేళల్లో ఇంగ్లీషు నేర్చుకుంది. వయసు వచ్చాక చదువు మొదలుపెట్టినవాళ్ళు మీలో ఎందరో ఉంటారు. ఆమె కూడా ఆ దారిలో నడిచినదేనని గుర్తుంచుకోండి.

ఇల్లు గడవడం కష్టమై తండ్రి కుటుంబాన్ని బొంబాయికి తీసుకుపోయాడు. 1942లో బాంబే టాకీస్ వారి 'బసంత్' చిత్రంలో ముంతాజ్ బాలనటిగా కనిపించింది. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్ళు. ఆ వయసు నుంచే ఇంటి ఖర్చు ఆమె సంపాదన మీద పడింది. ఉదయం స్టూడియోకు, సాయంత్రం ఇంటికి. ఆమె బాల్యం ఇలా గడిచింది.

ఆ రోజుల్లో పిల్లలందరి గుండెను వైద్యుడు పరీక్షించే ఏర్పాటు లేదు. పిల్ల ఆడుతూ పాడుతూ ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. ముంతాజ్ గుండెలో పుట్టుకతోనే ఒక లోపం ఉందని ఎవరికీ తెలియలేదు.

2. తారగా ఎదగడం

1947లో కిదార్ శర్మ తీసిన 'నీల్ కమల్' చిత్రంలో ముంతాజ్ రాజ్ కపూర్ సరసన కథానాయికగా నటించింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. ఆ తరువాత ఆమె పేరు మధుబాలగా స్థిరపడింది. 1949లో కమాల్ అమ్రోహీ దర్శకత్వంలో వచ్చిన 'మహల్' ఆమెను దేశమంతటికీ పరిచయం చేసింది. పాత భవనంలో కనిపించి మాయమయ్యే యువతి పాత్ర అది. అందులోని పాటతో గాయని లతా మంగేష్కర్‌కు కూడా గొప్ప పేరు వచ్చింది.

1951లో దిలీప్ కుమార్‌తో 'తరానా', 1955లో గురుదత్ తీసిన 'మిస్టర్ అండ్ మిసెస్ 55', 1958లో 'హౌరా బ్రిడ్జ్', 'కాలాపానీ', 'చల్తీ కా నామ్ గాడీ' వచ్చాయి. విషాదం, హాస్యం రెండింటిలోనూ ఆమె రాణించింది. 1952లో అమెరికాలోని ఒక నాటకరంగ పత్రిక ఆమె గురించి ప్రత్యేక వ్యాసం ప్రచురించింది. ఆమె మొత్తం సుమారు 70 చిత్రాలలో నటించింది.

తెర మీద ఆమె నవ్వు చూసినవారు ఆమె ఎంత ఆయాసంతో ఆ నవ్వు నవ్విందో ఊహించలేకపోయారు. అది అర్థం కావాలంటే మనం ముందు గుండె పనితీరు తెలుసుకోవాలి.

3. గుండె – అందులో రంధ్రం

మీ పిడికిలి బిగించి చూడండి. మీ గుండె దాదాపు అంత ఉంటుంది. దానిలో నాలుగు గదులున్నాయి. పై రెండింటిని కర్ణికలు అని, కింది రెండింటిని జఠరికలు అని అంటారు. కుడి జఠరిక చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ప్రాణవాయువు కలిసి శుభ్రపడిన రక్తం ఎడమ వైపుకు వస్తుంది. ఎడమ జఠరిక దానిని శరీరమంతటికీ పంపుతుంది.

ఈ రెండు జఠరికల మధ్య ఒక కండరపు గోడ ఉంటుంది. తల్లి గర్భంలో శిశువు గుండె తయారయ్యేటప్పుడు ఆ గోడ పూర్తిగా మూసుకోకపోతే రంధ్రం మిగులుతుంది. మధుబాల గుండెలోని లోపం ఇదే. ఇది తల్లి చేసిన తప్పు వల్ల, గ్రహణం వల్ల, దృష్టి దోషం వల్ల వచ్చేది కాదు. పుట్టే పిల్లల్లో వెయ్యికి సుమారు 8 నుంచి 10 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. వాటిలో జఠరికల మధ్య రంధ్రం చాలా తరచుగా కనిపించేది.

రంధ్రం చిన్నదైతే పిల్ల పెరిగేకొద్దీ చాలాసార్లు దానంతట అదే మూసుకుపోతుంది. పెద్దదైతే చిక్కు వస్తుంది. ఎడమ జఠరికలో ఒత్తిడి ఎక్కువ, కుడి జఠరికలో తక్కువ. అందుకని రక్తం ఎడమ నుంచి కుడికి కారుతుంది. పొలం గట్టుకు గండి పడితే నీరు ఎత్తు మడి నుంచి పల్లపు మడికి పారుతుంది కదా! ఇదీ అంతే. అలా కారిన రక్తం మళ్ళీ ఊపిరితిత్తులకే పోతుంది. ఏళ్ళ తరబడి ఎక్కువ రక్తం తోసుకురావడంతో ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలు గట్టిపడి ఇరుకవుతాయి. అక్కడ ఒత్తిడి పెరిగిపోతుంది.

చివరికి కుడి వైపు ఒత్తిడి ఎడమ వైపును మించుతుంది. అప్పుడు ప్రవాహం తిరగబడుతుంది. శుభ్రపడని రక్తం శరీరంలోకి పోతుంది. పెదవులు, గోళ్ళు నీలిరంగుకు మారతాయి. ప్రాణవాయువు చాలక శరీరం మరిన్ని ఎర్ర రక్తకణాలను తయారు చేస్తుంది. రక్తం చిక్కబడుతుంది. దగ్గినప్పుడు రక్తం పడవచ్చు. గుండె లయ తప్పవచ్చు. ఈ స్థితికి చేరినవారిలో హఠాన్మరణం వైద్యులకు బాగా తెలిసిన ప్రమాదం. ఆస్ట్రియా వైద్యుడు విక్టర్ ఐసెన్‌మెంగర్ 1897లో ఇలాంటి రోగి గురించి వివరించాడు. అందుకే దీనిని ఐసెన్‌మెంగర్ స్థితి అంటారు.

పాఠ్యగత ప్రశ్నలు – 1

ఖాళీలు పూరించండి.
(అ) మధుబాల అసలు పేరు ______.
(ఆ) గుండెలోని కింది రెండు గదులను ______ అంటారు.
(ఇ) రంధ్రం పెద్దదైతే మొదట రక్తం ______ వైపు నుంచి ______ వైపుకు కారుతుంది.

4. మద్రాసులో బయటపడిన జబ్బు

1954లో మధుబాల షూటింగు కోసం మద్రాసు వచ్చింది. జెమినీ స్టూడియో అధినేత ఎస్.ఎస్. వాసన్ 'బహుత్ దిన్ హుయే' అనే హిందీ చిత్రం తీస్తున్నాడు. తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. 1942లో జెమినీ వారే తెలుగులో తీసిన 'బాలనాగమ్మ'కు ఇది హిందీ రూపం. తెలుగులో కాంచనమాల ధరించిన బాలనాగమ్మ పాత్రను హిందీలో మధుబాల ధరించింది.

ఆ చిత్రం షూటింగు సమయంలో ఆమె రక్తం కక్కుకుంది. వాసన్ దంపతులు ఆమెను జాగ్రత్తగా చూసుకుని వైద్యం చేయించారు. గుండెలో రంధ్రం ఉన్న సంగతి ఆ జబ్బుతోనే లోకానికి తెలిసింది. అప్పటికి ఆమెకు 21 ఏళ్ళు.

అదే 1954 సంవత్సరం మార్చి 26న అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డాక్టర్ వాల్టన్ లిల్లెహై ఒక పసివాడి గుండె తెరిచి జఠరికల మధ్య రంధ్రాన్ని మూశాడు. ప్రపంచంలో అలాంటి శస్త్రచికిత్స అదే మొదటిది. గుండెను తెరిచినంతసేపు పిల్లవాడి శరీరానికి రక్తం అందేదెలా? తండ్రి రక్తనాళాలను కొడుకు రక్తనాళాలతో గొట్టాల ద్వారా కలిపి తండ్రి గుండె, ఊపిరితిత్తులతోనే ఆ పని చేయించారు. రంధ్రం మూసుకుంది కాని ఆ పసివాడు పదకొండు రోజులకు న్యుమోనియాతో చనిపోయాడు. ఆ తరువాత ఇదే పద్ధతిలో ఎందరో పిల్లలు బతికారు.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. మధుబాల జబ్బు బయటపడిన ఏడాదే దానికి శస్త్రచికిత్స పుట్టింది. కాని అది ఎక్కడో దూరదేశంలో, ఇంకా ప్రయోగదశలో ఉంది. ఆమె వయసు అప్పటికే ఇరవై దాటింది. ఇలాంటి రంధ్రం పసితనంలో మూస్తే మంచి ఫలితం ఉంటుంది. ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడిన తరువాత మూయడం మేలు చేయదు.

5. కప్పిపుచ్చుకున్న ఆరేళ్ళు

కొంతకాలం విశ్రాంతి తీసుకుని మధుబాల మళ్ళీ పనిలోకి దిగింది. జబ్బు తీవ్రతను ఆమె, ఆమె కుటుంబం బయటివారికి తెలియనివ్వలేదు. ఎందుకు? నటికి జబ్బని తెలిస్తే నిర్మాతలు పిలవరు. అవకాశాలు పోతే ఇల్లు గడవదు. తల్లిదండ్రులు, చెల్లెళ్ళు ఆమె సంపాదన మీదే ఆధారపడి ఉన్నారు.

ఇలాంటి భయం మన ఇళ్ళలో కూడా ఉంది. కూలి పోతుందని పనివాడు ఛాతీ నొప్పి చెప్పడు. పెళ్ళి సంబంధం తప్పిపోతుందని అమ్మాయి ఆయాసాన్ని తల్లిదండ్రులు దాస్తారు. ఆ భయానికి కారణం ఉంది, కాదనలేము. కాని దాచిన జబ్బు తగ్గదు. లోపల పెరుగుతూనే ఉంటుంది.

ఆ సంవత్సరాల్లోనే ఆమె జీవితంలోని అతి పెద్ద చిత్రం తయారవుతూ ఉంది. కె. ఆసిఫ్ దర్శకత్వం వహించిన 'మొఘల్-ఎ-ఆజమ్' పూర్తి కావడానికి ఏళ్ళు పట్టింది. అందులో ఆమె అనార్కలి. అక్బరు చక్రవర్తి కుమారుడు సలీంను ప్రేమించి చెరసాల పాలైన నర్తకి కథ తెలుగువారికి కూడా తెలిసినదే. 1955లో అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు నటించిన 'అనార్కలి' తెలుగులో వచ్చింది.

చెరసాల దృశ్యాల కోసం మధుబాల నిజమైన ఇనుప గొలుసులు ధరించింది. వాటి బరువుకు చర్మం ఒరుసుకుపోయేది. అద్దాల మహలులో నాట్యం చిత్రీకరించడానికి ఎన్నో రోజులు పట్టింది. ఆరోగ్యవంతులకే అలసట కలిగించే పని అది. గుండెలో రంధ్రం ఉన్న మనిషి ఆ బరువు మోసింది. 1960 ఆగస్టు 5న చిత్రం విడుదలై అఖండ విజయం సాధించింది. ఉత్తమ నటిగా ఫిల్మ్‌ఫేర్ బహుమతికి ఆమె పేరు పరిశీలనకు వచ్చింది. 2004లో ఆ చిత్రాన్ని పూర్తిగా రంగుల్లోకి మార్చి మళ్ళీ విడుదల చేశారు.

6. లండన్ ప్రయాణం

1960లోనే మధుబాల గాయకుడు, నటుడు కిశోర్ కుమార్‌ను వివాహం చేసుకుంది. పెళ్ళైన కొద్దికాలానికి వైద్యం కోసం ఇద్దరూ లండన్ వెళ్ళారు. అక్కడి వైద్యులు పరీక్షించి శస్త్రచికిత్స చేయడానికి ఒప్పుకోలేదు. ఆపరేషను బల్ల మీదే ప్రాణం పోయే ప్రమాదం ఉందన్నారు. పెద్ద శ్రమ వద్దన్నారు. ఆమె మరో రెండేళ్ళకు మించి బతకకపోవచ్చని చెప్పి పంపారు.

గుండెకు చికిత్స చేసే వైద్యులు ఎందుకు వెనుకాడారు? మీరు మూడవ భాగంలో చదివినది గుర్తు చేసుకోండి. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి బాగా పెరిగాక కుడి జఠరికకు ఆ రంధ్రమే తప్పించుకునే దారి అవుతుంది. దానిని మూసేస్తే కుడి జఠరిక ఆ ఒత్తిడిని తట్టుకోలేక చేతులెత్తేస్తుంది. పసితనంలో మూయవలసిన రంధ్రమే, పెద్దయ్యాక మూయకూడని రంధ్రమవుతుంది. లండన్‌లోనే పనిచేసిన పాల్ వుడ్ అనే హృద్రోగ నిపుణుడు 1958లో ఈ విషయాన్ని వివరంగా రాశాడు. మధుబాల విషయంలో వైద్యులకు నైపుణ్యం లేక కాదు, సమయం మించిపోయింది.

7. చివరి తొమ్మిదేళ్ళు

వైద్యులు చెప్పిన గడువు దాటింది. మధుబాల ఇంకా తొమ్మిదేళ్ళు బతికింది. అంతకుముందే చేసిన చిత్రాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1961లో 'ఝుమ్రూ', 1962లో 'హాఫ్ టికెట్', 1964లో 'శరాబీ' విడుదలయ్యాయి. ఆమె మాత్రం క్రమంగా మంచానికి పరిమితమైంది. ఎక్కువ కాలం బొంబాయిలోని పుట్టింట్లోనే గడిపింది.

ఆమె కుటుంబసభ్యులు తరువాతి కాలంలో చెప్పిన వివరాల ప్రకారం ముక్కు నుంచి, నోటి నుంచి రక్తం కారేది. శరీరంలో ఎక్కువైన రక్తాన్ని వైద్యుడు అప్పుడప్పుడు తీసివేసేవాడు. ఊపిరి అందక పక్కనే ప్రాణవాయువు సిలిండరు ఉంచేవారు. రక్తం చిక్కబడిన రోగికి ఆ రోజుల్లో చేయగలిగిన ఉపశమనం అదే.

అయినా ఆమె పనిని వదలలేదు. 1966లో ఆరోగ్యం కొంత కుదుటపడిందని రాజ్ కపూర్‌తో ఒక చిత్రం పూర్తి చేయబోయింది. ఆ శ్రమ తట్టుకోలేకపోయింది. నటించలేకపోతే దర్శకత్వం వహిస్తానని నిశ్చయించుకుంది. 'ఫర్జ్ ఔర్ ఇష్క్' అనే చిత్రానికి ఏర్పాట్లు మొదలుపెట్టింది. అది పూర్తి కాలేదు.

1969 ఫిబ్రవరి 14న ఆమెకు 36 ఏళ్ళు నిండాయి. 22 రాత్రి ఆమె పరిస్థితి విషమించింది. 23వ తేదీ ఉదయం ఆమె మరణించింది. బొంబాయిలోని జుహూ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆమె నటించిన 'జ్వాలా' అనే చిత్రం 1971లో, అంటే ఆమె చనిపోయాక విడుదలైంది. 2008లో భారత తపాలా శాఖ ఆమె పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఆ రాత్రి ఆమెకు గుండెపోటు వచ్చిందని అనేక రచనల్లో కనిపిస్తుంది. కాని మీరిప్పుడు ఆ మాటను కొంచెం ఆగి చూడగలరు. ఆమె గుండెను పాతికేళ్ళకు పైగా అలసటకు గురిచేసింది పుట్టుకతో వచ్చిన రంధ్రం. ఆమె మరణం హఠాత్తుగా వచ్చిందీ కాదు. చాలా ఏళ్ళ ముందే హెచ్చరికలు ఇచ్చి వచ్చింది.

పాఠ్యగత ప్రశ్నలు – 2

సరైనదానికి (✓), తప్పుకు (×) గుర్తు పెట్టండి.
(అ) మధుబాల జబ్బు మద్రాసులో బయటపడింది.
(ఆ) లండన్ వైద్యులు ఆమెకు శస్త్రచికిత్స చేశారు.
(ఇ) ఊపిరితిత్తుల ఒత్తిడి బాగా పెరిగిన తరువాత రంధ్రం మూయడం ప్రమాదం.

8. ధమనులు మూసుకుపోవడం ఒక్కటే కారణం కాదు

మధుబాల గుండెలోని రంధ్రం ఒక కారణం మాత్రమే. గుండె హఠాత్తుగా ఆగిపోవడానికి దారితీసే మరికొన్నింటిని చూద్దాం.

కవాటాల జబ్బు: గుండె గదుల మధ్య తలుపుల్లాంటి కవాటాలు ఉంటాయి. 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు ఒక రకం సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి వచ్చి, సరిగా మందు వాడకపోతే, కొందరిలో జ్వరం, కీళ్ళవాపు వస్తాయి. కీళ్ళు బాగుపడతాయి కాని కవాటాలు చెడిపోతాయి. దీనిని కీళ్ళవాత గుండెజబ్బు అంటారు. ఇరుకు ఇళ్ళలో ఎక్కువమంది ఉండేచోట ఇది ఎక్కువ. వైద్యుడు చెప్పినంతకాలం మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షను తీసుకుంటే జబ్బు ముదరకుండా ఆపవచ్చు.

గుండె కండరం మందం కావడం: ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించే లోపం. చూడటానికి దృఢంగా ఉన్న యువకులు ఆడుతూ, పరుగెత్తుతూ కుప్పకూలిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కండరానికి వాపు: వైరస్ జ్వరం తరువాత కొందరిలో గుండె కండరం వాచిపోతుంది. అందుకే జ్వరం తగ్గీ తగ్గకముందే బరువు పనులకు, ఆటల పోటీలకు పోరాదు.

విద్యుత్ లోపం: గుండె కొట్టుకోవడానికి దానిలోనే పుట్టే సన్నని విద్యుత్ ప్రేరణ కారణం. ఆ ప్రేరణ నడిచే తీరులో పుట్టుకతో లోపం ఉంటే గుండె ఆకారం మామూలుగానే ఉన్నా లయ తప్పుతుంది. గుండె కొట్టుకోవడం మాని వణుకుతుంది. అలాంటివారు పరుగెత్తినప్పుడు, భయపడినప్పుడు స్పృహ తప్పుతారు. దానిని మూర్ఛ అనో, గాలి సోకిందనో అనుకుంటారు. ఇ.సి.జి. తీస్తే చాలావరకు బయటపడుతుంది.

బయటి దెబ్బ: కరెంటు షాకు కొట్టినా, క్రికెట్ బంతి వంటి గట్టి వస్తువు ఛాతీకి వేగంగా తగిలినా గుండె ఆగిపోవచ్చు.

9. మీరు ఏం చేయగలరు?

మధుబాల కాలంలో లేనివి కొన్ని మనకు ఉన్నాయి. గుండెను బయటి నుంచే చూపించే ఎకో పరీక్ష ఉంది. పసిపిల్లల గుండెలో రంధ్రం మూయడం మన దేశంలో అలవాటైన శస్త్రచికిత్స అయింది. కొన్ని రంధ్రాలను ఛాతీ కోయకుండా రక్తనాళం గుండా చిన్న పరికరం పంపి మూస్తారు. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో పేదలకు గుండె శస్త్రచికిత్సలు చేర్చారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పిల్లలను పరీక్షించి పుట్టుక లోపాలను గుర్తిస్తారు. ఊపిరితిత్తుల ఒత్తిడిని తగ్గించే మందులు కూడా వచ్చాయి. కాని ఇవన్నీ మీరు లక్షణం గమనించి పిల్లను వైద్యుడి దగ్గరకు తీసుకుపోతేనే పనికి వస్తాయి.

ఈ లక్షణాలు గమనించండి:
• పసిబిడ్డ పాలు తాగుతూ తాగుతూ ఆయాసపడి, చెమటలు పట్టి ఆపేయడం; బరువు పెరగకపోవడం.
• మాటిమాటికీ దగ్గు, జలుబు, న్యుమోనియా రావడం.
• పెదవులు, గోళ్ళు నీలిరంగుకు మారడం.
• తోటి పిల్లలతో సమానంగా ఆడలేకపోవడం.
• పరుగెత్తేటప్పుడు లేదా శ్రమ చేసేటప్పుడు స్పృహ తప్పడం, గుండె దడ.
• దగ్గితే రక్తం పడటం.
• కుటుంబంలో ఎవరైనా 40 ఏళ్ళలోపు హఠాత్తుగా చనిపోయి ఉండటం.

చివరి అంశాన్ని తేలికగా తీసుకోకండి. అలాంటి ఇంట్లో మిగిలినవారందరూ ఒకసారి గుండె పరీక్ష చేయించుకోవాలి.

మీ కళ్ళ ముందే ఒకరు కుప్పకూలితే ఏం చేయాలి? పిలిచి చూడండి. పలకకపోతే, ఊపిరి ఆడకపోతే లేదా ఎగశ్వాసగా ఉంటే వెంటనే ఎవరినైనా 108కి ఫోను చేయమనండి. కరెంటు షాకు అయితే ముందు కరెంటు ఆపాలి. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్యలో ఒక అరచేతి మీద మరో అరచేయి ఉంచి, మోచేతులు వంచకుండా, సుమారు 5 సెంటీమీటర్లు లోతుకు నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అంబులెన్సు వచ్చేవరకు ఆపవద్దు. అలసిపోతే మరొకరికి అప్పగించండి. ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో నీళ్ళు పోయడం, చేతిలో తాళాలు పెట్టడం వంటివి చేయకండి. ఒక్కొక్క నిమిషం గడిచేకొద్దీ బతికే అవకాశం తగ్గిపోతుంది.

మీరు నేర్చుకున్నది

• మధుబాల 1933లో ఢిల్లీలో పుట్టి, బడికి వెళ్ళకుండానే తొమ్మిదేళ్ళ వయసులో సినిమాలో ప్రవేశించి, దేశంలోని గొప్ప నటీమణులలో ఒకరైంది.
• ఆమె గుండెలో పుట్టుకతో రంధ్రం ఉంది. అది 1954లో బయటపడింది. 1960 నాటికి శస్త్రచికిత్సకు సమయం మించిపోయింది. 1969లో 36 ఏళ్ళ వయసులో మరణించింది.
• గుండె ఆగిపోవడానికి ధమనులు మూసుకుపోవడం ఒక్కటే కారణం కాదు. పుట్టుక లోపాలు, కవాటాల జబ్బు, కండరపు జబ్బు, విద్యుత్ లోపం కూడా కారణాలే.
• వీటిలో చాలావాటికి ముందే లక్షణాలు కనిపిస్తాయి. దాచకుండా, ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి.

పాఠాంత ప్రశ్నలు

1. మధుబాల తన జబ్బు తీవ్రతను ఎందుకు బయటపెట్టలేదు? అది సరైనదేనా? మీ అభిప్రాయం పది వాక్యాలలో రాయండి.
2. పసితనంలో మూయవలసిన రంధ్రాన్ని పెద్దయ్యాక మూయకూడదని వైద్యులు ఎందుకు అంటారు?
3. గుండె హఠాత్తుగా ఆగిపోవడానికి ధమనులు మూసుకుపోవడం కాక మూడు కారణాలు రాసి, ఒక్కొక్కదానికి ఒక లక్షణం లేదా జాగ్రత్త చెప్పండి.

కృత్యం

మీ అంగన్‌వాడీ కార్యకర్తను లేదా బడి ఉపాధ్యాయుడిని కలిసి, మీ ఊరి పిల్లలకు ఆరోగ్య పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందో అడిగి తెలుసుకోండి. మీ ఇంటి పిల్లలకు గుండె పరీక్ష జరిగిందో లేదో రాసుకోండి. జరగకపోతే ఈ నెలలోనే చేయించండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. (అ) ముంతాజ్ జహాన్ బేగం (ఆ) జఠరికలు (ఇ) ఎడమ, కుడి
2. (అ) ✓ (ఆ) × (ఇ) ✓